సినిమా ఎక్కడ ఆగుతోంది? సీమ ఇళ్ళలో స్ట్రీమింగ్ కష్టాలు, వాటి అసలు మూలాలు

సినిమా సగంలో ఉండగా తెర మీద చక్రం తిరగడం మొదలైతే ఇంట్లో అందరూ తిట్టేది యాప్‌నే. కాసేపు చూసి యాప్ తీసేస్తారు, మళ్ళీ వేస్తారు. అప్పటికీ దారికి రాకపోతే టీవీని ఫ్యాక్టరీ రీసెట్ (అన్నీ తుడిచి కొత్తదానిలా) చేయమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. అది చేశాక పాస్‌వర్డ్ గుర్తుండదు, ఓటీపీ ఏమో బెంగళూరులో ఉన్న కొడుకు ఫోనుకు పోతుంది. సినిమా సంగతి అటుంచి, అంతకుముందు బాగా పనిచేస్తున్న మిగతా యాప్‌లు కూడా పోతాయి. కర్నూలు, అనంతపురం, కడప ఇళ్ళలో ఈ వరస మామూలైపోయింది. చెడింది ఇంకెక్కడో అయినా బయటపడేది యాప్‌లో కాబట్టి నింద దాని మీద పడుతోంది. ఎక్కడ చెడిందో ముందు తేల్చుకుంటే, చేయాల్సిన పని చాలాసార్లు చిన్నదే ఉంటుంది.

కె.సి. (కర్నూలు-కడప) కాలువ సంగతి ఈ ప్రాంతం వాళ్ళకు వివరించనక్కర్లేదు. సుంకేశుల బ్యారేజీ దగ్గర నీళ్ళు వదిలారన్న మాట నిజమే అయినా, మూడు వందల కిలోమీటర్ల కాలువ దాటి కడప వైపు చివరి ఆయకట్టుకు ఎంత చేరుతుందన్నది వేరే లెక్క. వీడియో ప్రయాణం కూడా అలాంటిదే. కంపెనీ సర్వరు, నెట్ ఇచ్చే సంస్థ, ఊళ్ళోకి వచ్చే ఫైబర్ తీగ, వీధి స్తంభం, ఇంట్లో వై-ఫై ఇచ్చే డబ్బా (రూటరు), గోడలు, టీవీ, చివరికి మన ఖాతా. వీటిలో ఏ ఒక్కటి తడబడినా తెర మీద కనబడే చక్రం ఒక్కటే.

అయితే ఆ చక్రం కూడా కొంత సమాచారం ఇస్తుంది. స్ట్రీమింగ్‌లో సినిమా ఒకే ఫైలుగా రాదు. కొన్ని సెకన్ల చొప్పున చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను నాలుగైదు నాణ్యతల్లో సర్వరులో పెడతారు. ఆపిల్ 2009లో తెచ్చిన హెచ్ఎల్ఎస్, 2012లో అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిన డాష్ అనే పద్ధతులు రెండూ ఇలాగే పనిచేస్తాయి. నెట్ వేగం ఎంతుందో యాప్ ఎప్పటికప్పుడు కొలుచుకుని, తర్వాతి ముక్కను ఏ నాణ్యతలో తెప్పించాలో నిర్ణయించుకుంటుంది. అందుకే బొమ్మ మసకబారిందంటే నెట్ తగ్గిందని, యాప్ ఆ తగ్గుదలకు తగ్గట్టు సర్దుకుంటోందని అర్థం. చక్రం తిరుగుతోందంటే అన్నిటికన్నా చిన్న ముక్క కూడా సమయానికి రావడం లేదన్నమాట. అసలు సినిమా మొదలే కాకుండా ఏదో ఎర్రర్ నంబరు వస్తే అది చాలాసార్లు వేగానికి సంబంధించిన గొడవ కాదు. ఖాతా, ప్లాను, టీవీలోని తేదీ, కాపీ రక్షణ వంటివాటి వైపు చూడాలి. యాప్ తెరవగానే మూసుకుపోతుంటే ముందుగా అనుమానించాల్సింది టీవీనో ఫోనునో.

తప్పు ఎక్కడుందో విడదీయడానికి పెద్ద పరిజ్ఞానం అక్కర్లేదు. అదే సినిమాను ఫోనులో మొబైల్ డేటా మీద పెట్టి చూడాలి. అక్కడ కూడా ఆడకపోతే సర్వరో ఖాతానో కారణం. ఆడితే, ఫోనును ఇంటి వై-ఫైకి కలిపి, టీవీ పక్కనే నిలబడి చూడాలి. ఇక్కడ ఆగిపోతే తప్పు ఇంటి నెట్‌దో గోడలదో. ఇక్కడా బాగా ఆడితే టీవీలో మరో యాప్ తెరవాలి. అది కూడా ఆగుతుంటే టీవీ, అది మాత్రం ఆడుతుంటే అప్పుడు నిజంగానే ఆ ఒక్క యాప్. ఒకసారికి ఒక్కటే మార్చాలన్నది ఇందులో ముఖ్యం. రూటరు ఆపి, యాప్ తీసేసి, వై-ఫై పాస్‌వర్డ్ మార్చి అన్నీ ఒకేసారి చేస్తే బాగైనా దేనివల్ల బాగైందో తెలియదు. వచ్చే వారం మళ్ళీ అదే టెన్షన్.

ఇక్కడి ఇళ్ళలో మొదట చూడాల్సింది కరెంటు. కరెంటు పోయి వచ్చిన వెంటనే టీవీ ముందు మేలుకుంటుంది, ఫైబర్ డబ్బాకు లైను అందుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఈ సందులో టీవీ నెట్ లేదని నిర్ణయించేసుకుంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. చాలా టీవీల్లో గడియారం నెట్ నుంచే సమయం తెచ్చుకుంటుంది. నెట్ రాకముందే లేచిన టీవీ ఏదో పాత సంవత్సరంలో ఉండిపోతుంది. సర్వరు తాను అసలైనదేనని రుజువుగా చూపించే డిజిటల్ సర్టిఫికెట్‌కు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. టీవీలోని తేదీ ఆ గడువుకు బయట ఉంటే యాప్ ఆ సర్వరును నమ్మదు. నెట్ నిండుగా ఉంటుంది, యాప్ మాత్రం కనెక్ట్ కాదు. ఇలాంటప్పుడు సెట్టింగ్స్‌లో తేదీ, సమయం ఆటోమేటిక్‌గా ఉన్నాయో లేదో చూస్తే సరిపోతుంది. ఇంత చిన్న విషయానికి టీవీని మోసుకుని అంగడికి పోయేవాళ్ళు ఉన్నారంటే బాధగా ఉంటుంది.

డబ్బా మీది లైట్లు చూడటం ఇంట్లో ప్రతి ఒక్కరూ నేర్చుకోదగిన పని. ఎల్ఓఎస్ అని రాసి ఉన్న లైటు ఎర్రగా వెలుగుతున్నా, మిణుకుతున్నా బయటి నుంచి కాంతి రావడం లేదని అర్థం. తీగ ఎక్కడో తెగి ఉండవచ్చు, వంగి ఉండవచ్చు. అప్పుడు ఇంట్లో ఏ మీట నొక్కినా ప్రయోజనం లేదు, ఫైబర్ ఆయనకు ఫోన్ చేయాల్సిందే. ఏపీ ఫైబర్‌నెట్ తీగలు కరెంటు స్తంభాల మీదుగా వస్తాయి. స్తంభం మార్చినా, చెట్టు కొమ్మలు కొట్టినా, గాలివాన వచ్చినా తీగకు దెబ్బ తగిలే అవకాశం ఉంది. ఇంటి లోపల కూడా ఆ సన్నని తీగ గాజుతో చేసిందేనన్న సంగతి మరిచిపోకూడదు. బీరువా వెనక నలిగినా, మేకుకు చుట్టి మడిచినా కాంతి తగ్గిపోతుంది. లైట్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయి మళ్ళీ వెలుగుతూ, గంటకోసారి ఇలాగే జరుగుతుంటే మాత్రం లైనును కాదు, అడాప్టరును అనుమానించాలి. వోల్టేజీ హెచ్చుతగ్గులు ఎక్కువగా ఉండే వీధుల్లో ముందు నీరసించేది అదే. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీద రాసి ఉన్న వోల్టు అంతే ఉండాలి, ఆంపియరు తగ్గకూడదు.

ఇన్వర్టరు ఉన్న ఇళ్ళలో కూడా కరెంటు పోగానే నెట్ పోవడం కనిపిస్తుంది. ఫ్యాన్లకు, లైట్లకు మాత్రమే ఇన్వర్టరు లైను లాగి ఉంటారు. డబ్బా ప్లగ్గు ఆ లైనులో ఉండదు. అది తినే కరెంటు పది వాట్లకు అటూ ఇటూ. ఎలక్ట్రీషియన్‌తో ఆ ఒక్క ప్లగ్గును మార్పించుకుంటే సరిపోతుంది. ఇన్వర్టరు లేకపోతే రూటర్ల కోసమే అమ్మే మినీ యూపీఎస్‌లు ఉన్నాయి. ఫైబర్ లైనులో మధ్యలో ఉండి ఒక తీగను చాలా ఇళ్ళకు పంచే స్ప్లిట్టర్లకు కరెంటు అవసరం లేదు కాబట్టి, అవతలి కొసన ఆపరేటరు యంత్రానికి బ్యాటరీ ఉన్నంతసేపు నెట్ వస్తూనే ఉంటుంది. టీవీ ఆగినా పిల్లల ఆన్‌లైన్ క్లాసు ఆగదు.

ఇక గోడలు. ఈ జిల్లాల ఇళ్ళకు ప్రత్యేకంగా వర్తించే సంగతి ఇదే. పాత మిద్దె ఇళ్ళలో మూరెడు మందం రాతి గోడలు ఉంటాయి. కొత్త ఇళ్ళలో ఇనుప కడ్డీలతో పోసిన స్లాబు, దాని మీద బేతంచెర్ల బండలో తాడిపత్రి బండలో కడప బండలో పరిచి ఉంటాయి. వై-ఫై తరంగాలకు రాయి, ఇనుము రెండూ అడ్డంకులే. ఫైబర్ ఆయన తీగ లాగడానికి సులువని డబ్బాను వసారాలోనో మెట్ల కిందో బిగించి వెళ్తాడు. టీవీ మేడ మీద పడకగదిలో ఉంటుంది. నెలనెలా వంద ఎంబీపీఎస్ (నెట్ వేగం కొలత) ప్లానుకు డబ్బు కట్టినా ఆ గదికి చేరేది అందులో చిన్న వాటా.

రూటర్లు సాధారణంగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల వై-ఫై ఇస్తాయి. మొదటిది దూరం పోతుంది కానీ నెమ్మది, పైగా పక్కిళ్ళ రూటర్లతో రద్దీ. రెండోది వేగం, గోడ దాటితే బలహీనం. వై-ఫై పేరు చివర 5జీ అని ఉన్నది ఈ రెండోదే, దానికి మొబైల్ 5జీతో సంబంధం లేదు. రూటరు, టీవీ ఒకే గదిలో ఉంటే 5కు కలపాలి, మధ్యలో రాతి గోడ ఉంటే 2.4 మేలు. పక్కిళ్ళ రద్దీ ఉన్నచోట రూటరు సెట్టింగ్స్‌లో 2.4 వై-ఫైకి ఉన్న 1, 6, 11 చానెళ్ళలో ఏది ఖాళీగా ఉంటే దానికి మార్చుకోవచ్చు. ఇనుప బీరువా మీద, టీవీ వెనక, అద్దం వెనక రూటరు పెట్టకూడదు. వీటన్నిటికన్నా నమ్మకమైన మార్గం రూటరు నుంచి టీవీకి నేరుగా లాగే ల్యాన్ కేబులు. చాలా టీవీల ల్యాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌కు మించదు, అయినా పర్వాలేదు. ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కేకు 15 ఎంబీపీఎస్ ఉండాలని నెట్‌ఫ్లిక్స్ చెబుతోంది. తీగలో వచ్చే వేగం నిలకడగా ఉంటుంది, స్ట్రీమింగ్‌కు కావలసింది ఆ నిలకడే. రెండు వందల ఎంబీపీఎస్ ప్లానుకు మారే ముందు ఒక కేబులు కొని చూడటం ఎవరికైనా లాభమే.

స్పీడ్ టెస్టు ఫలితాన్ని కూడా జాగ్రత్తగా చదవాలి. రూటరు పక్కన ఫోను పెట్టి కొలిస్తే అది టీవీకి చేరే వేగం కాదు. పైగా మామూలు టెస్టులు తరచుగా నెట్ సంస్థకు దగ్గర్లో ఉన్న సర్వరుతో కొలుస్తాయి, అంకె ఘనంగా వస్తుంది. నెట్‌ఫ్లిక్స్ నడిపే ఫాస్ట్ డాట్ కామ్ తన సినిమాలు వచ్చే సర్వర్లతోనే కొలుస్తుంది. మామూలు టెస్టులో 90 వచ్చి ఇక్కడ 4 వస్తే, ఇల్లు బాగానే ఉందని, బయటి దారిలో ఇరుకు ఉందని తెలుస్తుంది. రాత్రి ఎనిమిది తర్వాత మాత్రమే ఇలా జరుగుతుంటే, ఆ సమయంలో కొలిచిన అంకెలు స్క్రీన్‌షాట్ తీసి నెట్ సంస్థకు పంపాలి. ఊరికే "నెట్ స్లో" అంటే పట్టించుకునేవాళ్ళు తక్కువ.

మొబైల్ డేటా మీద చూసేవాళ్ళ కష్టం వేరు. రోజుకు 1.5 జీబీ ప్లాన్లు చాలామంది వాడతారు. సాధారణ నాణ్యతలో గంట సినిమాకు 1 జీబీ దాకా, హెచ్‌డీలో 3 జీబీ దాకా ఖర్చవుతుంది. రెండున్నర గంటల తెలుగు సినిమా మామూలు నాణ్యతలో పెట్టినా ఆ కోటాలో పట్టదు. కోటా అయిపోగానే వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది, ఆ వేగంలో ఏ వీడియో యాప్ కూడా నడవదు. నెట్ ఉన్నట్టు గుర్తు కనబడుతూనే ఉంటుంది, వాట్సాప్ సందేశాలు పోతూనే ఉంటాయి, అందుకే చూసేవాళ్ళు యాప్ చెడిందనుకుంటారు. డేటా సేవర్ పెట్టుకోవడం, ఇంట్లో వై-ఫై ఉన్నప్పుడు డౌన్‌లోడ్ చేసుకోవడం దీనికి విరుగుడు. డౌన్‌లోడ్‌కు గడువు ఉంటుందని, చూడటం మొదలుపెట్టాక అది ఇంకా తగ్గవచ్చని గుర్తుంచుకోవాలి. నల్లమల, పాలకొండల అంచు ఊళ్ళలో 5జీ అంది అందక ఫోను 4జీకి, మళ్ళీ 5జీకి మారుతూ ఉంటుంది. మారిన ప్రతిసారీ వీడియోకు ఒక కుదుపు. అక్కడ ఫోనును 4జీకే కట్టేస్తే వేగం తగ్గినా సినిమా ఆగదు.

ఎండ సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్న చోట వాడమని ఆపిల్ చెబుతుంది. కర్నూలులో ఏప్రిల్, మే నెలల్లో 40 దాటడం మామూలు. స్లాబు కింద గదిలో, చార్జింగ్ పెట్టి, హెచ్‌డీ సినిమా చూస్తే ఏ ఫోనైనా వేడెక్కి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. వీడియో తడబడుతుంది, వెలుతురు తగ్గుతుంది. చార్జర్ తీసి, కవరు తీసి, పది నిమిషాలు ఫ్యాను కింద పెట్టడమే దీనికి రిపేరు. ఎండ తగిలే కిటికీలో పెట్టిన రూటరుకూ ఇదే వర్తిస్తుంది.

తక్కువ ధరకు కొన్న స్మార్ట్ టీవీల్లో 8 జీబీ స్టోరేజీ, 1 జీబీ ర్యామ్ ఉండటం సాధారణం. అందులో చాలా భాగం సిస్టమే తినేస్తుంది. యాప్‌లు పోగుపడ్డకొద్దీ ఏదీ సరిగ్గా నడవదు. వాడని యాప్‌లు తీసేయాలి. ఇబ్బంది పెట్టే యాప్‌కు ముందు క్యాష్ (యాప్ తాత్కాలికంగా దాచుకున్న సమాచారం) మాత్రమే తుడవాలి. క్లియర్ డేటా నొక్కితే లాగిన్ కూడా పోతుంది, కాబట్టి పాస్‌వర్డ్ చేతిలో ఉన్నప్పుడే ఆ పని. రిమోటుతో ఆపడం అసలైన ఆపడం కాదు, అప్పుడు టీవీ నిద్రలో ఉంటుంది. గోడ దగ్గర స్విచ్ ఆపి, ఒక నిమిషం ఆగి వేస్తేనే కొత్తగా మొదలవుతుంది. నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చే యూఐ-800-3 కోడు టీవీలో నిల్వ ఉన్న సమాచారాన్ని తాజా చేయమని చెబుతుంది. ఎన్‌డబ్ల్యూ-2-5 వస్తే గొడవ నెట్‌వర్క్‌ది. ఇలాంటి కోడు కనబడితే ఫోటో తీసి పెట్టుకోవడం మంచిది.

ఫ్యాక్టరీ రీసెట్ మీద ఇంత వ్యతిరేకత ఎందుకంటే, దానివల్ల నిజంగా నష్టం జరిగిన సందర్భం ఉంది. 2025 మార్చిలో ప్రపంచవ్యాప్తంగా రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు (టీవీకి తగిలించే గూగుల్ స్ట్రీమింగ్ పరికరాలు) ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. లోపలి సర్టిఫికెట్ గడువు తీరిపోవడమే కారణం. రీసెట్ చేయవద్దని గూగుల్ చెప్పింది. అప్పటికే చేసేసినవాళ్ళకు పరికరాన్ని వెంటనే మళ్ళీ అమర్చుకోవడం కుదరలేదు, ఊరుకున్నవాళ్ళకు కొద్ది రోజుల్లో అప్‌డేట్‌తో బాగైంది. అంతకుముందు 2021 మార్చిలో ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలా యాప్‌లు తెరవగానే మూసుకుపోయాయి. తప్పు ఆ యాప్‌లలో లేదు, యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించే ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అనే భాగానికి వచ్చిన అప్‌డేట్‌లో ఉంది. ఒక్కరోజులో నాలుగైదు యాప్‌లు కలిసి చెడితే వాటిని ఒక్కొక్కటిగా తీసి వేయడం వృథా.

బొమ్మ నాణ్యత గురించి వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని ప్లానుతో ముడిపడినవి. నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబరులో 149 రూపాయలకు తగ్గించిన మొబైల్ ప్లాను ఫోను, ట్యాబుల కోసం. దాంతో టీవీలో చూడాలనుకుంటే ఎంత ప్రయత్నించినా రాదు. రీఛార్జితో వచ్చిన సబ్‌స్క్రిప్షన్ ఆ నంబరుతో లాగిన్ అయితేనే పనిచేస్తుంది. పెద్ద ప్లాను ఉండి కూడా హెచ్‌డీ రాకపోతే వైడ్‌వైన్ స్థాయి చూడాలి. కాపీ కాకుండా కాపాడే ఈ వ్యవస్థలో ఎల్1 ఉన్న పరికరాలకే చాలా యాప్‌లు హెచ్‌డీ ఇస్తాయి. ఎల్3 ఉన్నవాటికి 480పి అనే తక్కువ నాణ్యత దగ్గరే ఆపేస్తాయి. పేరు తెలియని ఆండ్రాయిడ్ బాక్సు కొనేముందు ఈ సంగతి అడిగి తెలుసుకోవాలి, కొన్నాక దీనికి మందు లేదు. మాటలు వినబడుతూ తెర మాత్రం నల్లగా ఉంటే హెచ్‌డీఎంఐ తీగ, మధ్యలోని కన్వర్టరు మార్చి చూడాలి. ఇదీ కాపీ రక్షణ వల్లే.

సంగీతం దద్దరిల్లుతూ డైలాగులు వినబడకపోవడం పెద్దవాళ్ళను బాగా ఇబ్బంది పెడుతోంది. ఆరు స్పీకర్ల కోసం చేసిన 5.1 శబ్దంలో మాటలు ప్రధానంగా మధ్య స్పీకరులో ఉంటాయి. టీవీకి ఉన్నవి రెండే. యాప్‌లో ఆడియోను రెండు స్పీకర్లకు సరిపోయే స్టీరియోకు, లేదా టీవీ సెట్టింగ్స్‌లో పీసీఎం అని ఉన్నదానికి మారిస్తే మాటలు తేరుకుంటాయి.

లైవ్ క్రికెట్‌కు ఇవేవీ పూర్తిగా వర్తించవు. సినిమాలో రాబోయే ముక్కలను ముందే తెచ్చి దాచుకోవచ్చు, లైవ్‌లో ఆ వెసులుబాటు చాలా తక్కువ. 2023 నవంబరు 19న ప్రపంచకప్ ఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు. అలాంటి రోజుల్లో పక్కింట్లో కూడా ఆగిపోతుంటే మన ఇంట్లో ఏమీ ముట్టుకోకుండా నాణ్యత ఒక మెట్టు తగ్గించుకోవడం తప్ప చేయగలిగింది లేదు. డీటీహెచ్ ఉన్న ఇంట్లో కేకలు ముందు వినబడటం మాత్రం లోపం కాదు, స్ట్రీమింగ్ సహజంగానే కొన్ని సెకన్లు వెనక ఉంటుంది.

డబ్బుకు సంబంధించిన చిక్కులు యాప్ చిక్కుల్లా కనబడతాయి. 2021 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, నెలనెలా దానంతట అదే కట్ అయ్యే చెల్లింపుకు 24 గంటల ముందు ఖాతాదారుకు సమాచారం ఇవ్వాలి. కార్డు మారినా, అలా కట్ కావడానికి మనం ఇచ్చిన అనుమతి రద్దయినా చెల్లింపు ఆగి ప్లాను ముగుస్తుంది, యాప్ ఉన్నట్టుండి "ప్లాను తీసుకోండి" అంటుంది. యూపీఐలో డబ్బు కట్ అయి ప్లాను మొదలుకాకపోతే లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లోగా డబ్బు వెనక్కి రావాలి. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019లో చెప్పింది. కంగారుపడి రెండోసారి కట్టకుండా లావాదేవీ నంబరు దాచుకోవాలి.

నిజంగా భయపడాల్సింది ఇక్కడ జరిగే మోసాల గురించి. యాప్ పనిచేయడం లేదని గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికితే పైన కనబడేది మోసగాళ్ళ నంబరు కావచ్చు. అవతలి మనిషి మర్యాదగా మాట్లాడతాడు, సాయం చేస్తానని స్క్రీన్ షేరింగ్ యాప్ వేయమంటాడు, రీఫండ్ కోసమంటూ ఒక రూపాయి పంపమంటాడు. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం పడదు. ఇంట్లో ఒంటరిగా ఉండే తల్లిదండ్రులకు వై-ఫై పాస్‌వర్డ్ రాసిచ్చే పిల్లలు ఈ ఒక్క మాట కూడా రాసి టీవీ పక్కన అతికించి వెళ్ళాలి. సహాయం కావాలంటే యాప్ లోపలి హెల్ప్ విభాగం నుంచే వెళ్ళాలి. సంస్థ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం చేయాల్సిన ఫోన్ మాత్రం 1930కి. ఆ డబ్బు మరో ఖాతాకు మారకముందే ఆపగలిగే అవకాశం తొలి గంటల్లోనే ఎక్కువ.